ఊరగాయ జాడీలో చెయ్యి

ఆ సినిమా మా ప్రొద్దుటూరులో ఆడినన్నాళ్ళూ మా బట్టలంగట్లో బేరాల కన్నా వాదనలే ఎక్కువ జరిగాయి. చీరలు చూడటానికి వచ్చి పరుపు మీద కూర్చున్న ఆడవాళ్ళు అంచు సంగతీ కొంగు సంగతీ వదిలేసి ఆ సినిమాలో పిల్ల సంగతి ఎత్తుకునేవాళ్ళు. మా ఆయన తల పట్టుకునేవాడు. నాకు మాత్రం భలే హుషారుగా ఉండేది. నేను నోరు కట్టేసుకుని కూర్చునే రకం కాదు.

కథ చెప్పాలంటే ఇంతే. ఒక పల్లెటూళ్ళో పదో తరగతి పిల్ల. నడి ఎండాకాలంలో రెయిన్‌కోటు వేసుకుని తిరుగుతుంది, బడి గంటతో కబుర్లు చెబుతుంది. పెద్దమనిషి అయితే ఆ మాట ఇంట్లో చెప్పకుండా దాచేస్తుంది. ఎందుకంటే ఊరి మొదట్లో కట్టడానికి మేనమామ అప్పటికే ఆమె ఫోటోతో ఫ్లెక్సీ కొట్టించి సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు. ఆ ఫ్లెక్సీ ఎక్కకుండా తప్పించుకోవడానికి ఆ పిల్ల పడే తంటాలే సినిమా అంతా. పాటల్లేవు, కొట్లాటల్లేవు. చివర్లో సైకిలెక్కి ఎటో వెళ్ళిపోతుంది. లైట్లు వేసేస్తారు.

పెళ్ళి బట్టలకని పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా అంగట్లోనే మండిపడ్డాడు. "ఏం సిన్మా అప్పా అది? ఆడోళ్ళ లోపలి సంగతులు తెర మీద ఏసి నగుతారా? పక్కన కోడలు కూర్చోనుంటే నాకు యాడ చూడల్నో తెలీల్యా." అదే పరుపు మీద ఉన్న కాలేజీ మేడమ్ ఊరుకోలేదు. ఆడపిల్లలు కాదు, ముందు తండ్రులు చూడాలన్నది. చీరలకు ఫాల్స్ కుట్టే మా పక్కింటి సాయిబుల అమ్మాయి నవ్వి, "మా ఇంట్లో గూడా ఇట్లనే అక్కా, ఫ్లెక్సీ ఒకటే తక్కువ" అంది. మా అంగట్లో చీరలు మడతపెట్టే ఆయనకు ఇంకో బాధ. "హీరో యాడ అక్కా? ఆఖర్న ఆ పిల్ల యాడికి పోయినట్టు?" అని రోజూ అడిగేవాడు. "యాడికో పోయిందిలే, నీకు చెప్పి పోవల్నా?" అని నేను కసిరేదాన్ని.

"గిరాకీతో కొట్లాడతాండావు, ఇంటికి పోవే తల్లీ" అని మా ఆయన మొత్తుకునేవాడు. నాకు ఆ సినిమా అంతగా నచ్చింది మరి. రెండోసారి చూడాలని చూస్తుండగా మా బంధువుల గృహప్రవేశం వచ్చిపడింది. జమ్మలమడుగు నుంచి చిన్నక్క, పులివెందుల నుంచి పెద్దక్క వచ్చారు. అమ్మ ఎటూ నా దగ్గరే ఉంటుంది. మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళమే, అన్నదమ్ములు లేరు. నలుగురం ఒక చోట చేరడమే అరుదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆటో పిలిచి అందరినీ థియేటర్‌కు తోలుకుపోయాను.

హాలు నిండుగా ఉంది. ఇటు చివర నేను, నా పక్కన అమ్మ, ఆ పక్కన పెద్దక్క, అటు చివర చిన్నక్క. చిన్నక్క మొదటి అరగంటకే ఆవలించింది. "ఒక పాటన్నా లేదు గదే" అంది. అమ్మ మాత్రం మొదటి నుంచీ నవ్వుతూనే ఉంది. మోకాళ్ళ నొప్పులతో మూలిగే మనిషి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే నాకు సంబరంగా అనిపించింది.

అప్పుడు ఊరగాయ జాడీ సీను వచ్చింది.

మా వైపు తెలియని ఇల్లు ఉండదు. నెలసరి రోజుల్లో ఆడది ఊరగాయ జాడీ ముట్టకూడదు. ముడితే ఊరగాయ బూజు పట్టి పాడైపోతుందని అవ్వల కాలం నుంచీ చెప్పుకుంటూ వస్తున్న మాట. సినిమాలో ఆ పిల్ల ఏం చేసిందంటే, ఎవరూ లేనప్పుడు జాడీకి కట్టిన గుడ్డ విప్పి, మోచేతి దాకా చెయ్యి ముంచేసింది. ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చి జాడీని వాసన చూస్తుంది. "పాడైపోవే, నీకు సిగ్గులేదా" అని ఊరగాయను తిడుతుంది. అది పాడవదు. ఇంటిల్లిపాదీ తింటారు. ఈ ఏడు కుదిరినట్టు ఊరగాయ ఎప్పుడూ కుదరలేదని మేనమామ వేళ్ళు నాకుతాడు.

హాలంతా ఒకటే ఈలలు, కేకలు. అమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే పెద్దక్క తొడ మీద చరిచి, "చూడు మే, నీ కత!" అంది.

పెద్దక్క లేచి బయటికి వెళ్ళిపోయింది. నీళ్ళకేమో అనుకున్నాను. ఎంతకీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే, పార్కింగ్‌లో స్కూటర్ల మధ్య నిలబడి ఏడుస్తోంది. మా పెద్దక్క ఏడవడం నేను అంతకు ముందు నాన్న పోయినప్పుడే చూశాను.

"ఏమీ కాల్యా గదే" అంది నన్ను చూసి. "ఊరగాయకు ఏమీ కాల్యా."

ఆమె ఏడుపు అర్థం కావాలంటే మా ఇంటి ఊరగాయ కథ చెప్పాలి. మా చుట్టాలందరికీ వచ్చిన కథే అది. ఏ పెళ్ళిలో నలుగురు ఆడవాళ్ళు చేరినా అమ్మ ఎత్తుకునేది.

చాపాడు దగ్గర పల్లెలో నాన్నకు చిన్న అంగడి ఉండేది. హైస్కూలు చాపాడులో. పెద్దక్క నడిచి వెళ్ళి వచ్చేది. లెక్కల్లో చురుకు. టీచరమ్మ అవుతుందని లెక్కల సారు నాన్నతో కూడా అన్నాడట. అయితే మా ఇళ్ళలో పిల్ల పెద్దమనిషి అయితే ఆ దారి వెంట బడికి పంపేవాళ్ళు కాదు. అందుకని తొమ్మిదో తరగతిలో ఆమె ఆ సంగతి దాచింది. అందరికన్నా ముందే లేచి బావి దగ్గరికి పోయి తన గుడ్డలు తనే ఉతుక్కుంది. కొన్ని నెలలు ఎవరికీ అనుమానం రాలేదు.

అన్నీ దాచగలిగింది గానీ ఊరగాయ జాడీ మాత్రం ముట్టలేకపోయింది. నిజంగానే పాడైపోతుందని భయం. ఏడాది ఊరగాయ, ఇంటిల్లిపాదీ తినాలి, తన వల్ల పాడైపోతే పాపం కదా అనుకుంది ఆ పిచ్చిది. ఆ రోజుల్లో ఎవరైనా ఊరగాయ తెమ్మంటే నన్ను పంపేది. జాడీ ఉండే అటక నాకు అందదు, స్టూలు వేసుకుని ఎక్కి తెచ్చేదాన్ని. ఒక రోజు మేనత్త వచ్చి నాన్నతో పాటు భోజనానికి కూర్చుంది. అమ్మ ఊరగాయ తెమ్మంది. పెద్దక్క నన్ను తోసింది. ఆ రోజు స్టూలు కనబడక, అందదని నేను ఏడ్చాను. "నువ్వు పోవే" అని అమ్మ మళ్ళీ అంది. పెద్దక్క గోడకు ఆనుకుని కదలకుండా నిలబడిపోయింది. అమ్మ దాని ముఖం చూసింది, జాడీ వైపు చూసింది. గొల్లున నవ్వింది. "ఓసి నా తల్లీ! ఇంతమందిని మోసం చేసి, ఊరగాయను కాపాడతాండావా!"

మేనత్త నవ్వింది. నాన్న నవ్వాడు. ఆ మధ్యాహ్నమే పెద్దక్కను చాప మీద కూర్చోబెట్టారు. నువ్వులుండలు తినిపించారు, మేనమామ చీర తెచ్చాడు. బడి సంచి అటకెక్కింది. కొన్నేళ్ళకు పులివెందులకు కిరాణా అంగడి వాళ్ళ ఇంటికి కోడలుగా వెళ్ళింది. ఆ తర్వాత మా ఊరికి బస్సు వచ్చింది. ఆ బస్సెక్కే చిన్నక్క పదో తరగతి పూర్తి చేసింది, నేను డిగ్రీ పూర్తి చేశాను. పెద్దక్క చేసిన తప్పల్లా బస్సు కన్నా ముందు పుట్టడమే.

ఆ కథ చెప్పినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు. పెద్దక్క కూడా నవ్వేది. కాఫీ గ్లాసులు అందిస్తూ నవ్వేది. అందుకే అది నవ్వే కథే అని మేమంతా అనుకున్నాం.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. అంగట్లో జరిగిన వాదనలన్నీ దాని ముందు దిగదుడుపే.

"అట్లాంటివి తెర మీద చూపించడమే తప్పు" అని చిన్నక్క మొదలుపెట్టింది. "చూసి ఈ ముసిలిది నగితే, అది ఏడిస్తే, ఇదేం సిన్మానే?"

"సినిమాకేమొచ్చింది, బంగారంగా ఉంది" అన్నాను నేను.

"నీకు బంగారమే మే" అంది పెద్దక్క. "నువ్వు డిగ్రీ చదివినావు, నువ్వు నగొచ్చు. ఆ పిల్ల చెయ్యి పెట్టింది చూడు జాడీలో, నాకు గుండెకాయ ఆగిపోయింది. నేనూ పెట్టింటే? ఒక్కసారి పెట్టింటే ఎవరికీ తెలిసుండేది గాదు గదా. పది పాసయ్యుండేదాన్ని గదా."

అమ్మ మంచం మీద కాళ్ళు ఒత్తుకుంటూ, "ఇప్పుడు అయన్నీ ఎందుకే? అందరిండ్లల్లో జరిగిందే గదా" అంది.

"అందరిండ్లల్లో నగల్యామ్మా! నువ్వు నగినావు. ఆ పొద్దూ నగినావు, ఈ పొద్దూ నగినావు. ఊరూరా చెప్పి నగించినావు. తప్పు జరిగింది బిడ్డా అని ఒక్క మాట అన్న్యావా ఎప్పుడన్నా?"

అమ్మ కాళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. మా అమ్మకు తప్పు అన్న మాట నోట రాదు. కూర చెడినా పొయ్యిదే తప్పు అంటుంది. పెద్దక్క కాసేపు చూసి చూసి, సంచి సర్దుకుంది. తెల్లవారగానే ఎర్రగుంట్ల మీదుగా పోయే బస్సెక్కి వెళ్ళిపోయింది. అమ్మతో పోయొస్తానని కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె నాకు ఫోన్ చేసేది, చిన్నక్కకు చేసేది. అమ్మకివ్వనా అంటే పెట్టేసేది. సినిమా మా ఊరు వదిలి వెళ్ళిపోయింది, అంగట్లో వాదనలు ఆగిపోయాయి. మా ఇంట్లో మాత్రం ఆగలేదు. అమ్మకు నవ్వు తగ్గిపోయింది. తిండి కూడా తగ్గింది. గుండె నీరసంగా ఉందని డాక్టరు మందులు రాశాడు. నాకు పెద్దక్క మీద ఒక రోజు కోపం వచ్చేది, ఇంకో రోజు అమ్మ మీద వచ్చేది. ఇద్దరిలో ఒక్కరూ తగ్గరు. నడుమ నేను నలిగిపోయాను.

ఎండలు ముదిరాయి. మామిడికాయలు వచ్చాయి. ఊరగాయ పెట్టడం మా ఇంట్లో అమ్మ ఒక్కదాని పనే. ముక్కలు తుడిచి ఆరబెట్టే దాకా మమ్మల్ని రానిస్తుంది, కారం కలిపేటప్పుడు మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వదు. తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని, తానే కలిపి, తానే జాడీకెత్తి, తానే మూతికి గుడ్డ బిగించి కడుతుంది. ఆ వాసెన గుడ్డను మొదటిసారి తాను తప్ప ఇంకొకరు విప్పరాదు. ఆ ఏడు కూడా అన్నీ సిద్ధం చేయించింది. పళ్ళెంలో ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, వేరుశనగ నూనె. అన్నీ ముందు పెట్టుకుని, నా కూతుర్ని పిలిచింది.

నా కూతురు ఇంటర్ చదువుతోంది. అది వాకిట్లో దూరంగా కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటోంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆ మూడు రోజులూ వంటింటి గడప దాటకూడదన్నది చట్టం.

"అవ్వా, నేను ఈ పొద్దు దూరం" అంది అది.

"తెలుసు. అందుకే పిలిచినా. రా, చేతులు కడుక్కోని కూర్చో."

నేను కొయ్యబారిపోయాను. నా కూతురు నా ముఖం చూసింది. వెళ్ళమని తల ఊపాను. అది పీట మీద కూర్చుంది. అమ్మ నూనె పోస్తుంటే అది రెండు చేతులతో కలిపింది. మొదట భయం భయంగా, తర్వాత మోచేతుల దాకా. అమ్మ ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. చెమట మాత్రం కారుతోంది. ఎన్నేళ్ళ భయాన్ని దాటుతోందో ఆ మనిషి, చూస్తున్న నాకు ఏడుపొచ్చింది. చిన్న జాడీకి ఎత్తించి, తెల్లగుడ్డతో వాసెన కూడా దాని చేతే కట్టించింది.

"ఇది పులివెందులకు తీసుకపో" అంది నాతో. "ఎవురు కలిపినారో, ఏ పొద్దు కలిపినారో దానికి చెప్పు."

"నువ్వే ఫోన్ చేసి ఒక్క మాట అనొచ్చు గదమ్మా" అన్నాను.

పళ్ళెంలో అంటుకున్న కారాన్ని వేలితో ఊడ్చింది. తర్వాత చెప్పింది. "ఆ పొద్దు మీ నాయన ముఖం నువ్వు చూడల్యా. ఇన్ని నెలలు దాస్తాదా అని అప్పుడే కండ్లెర్రజేసినాడు. చేతికి ఏమి దొరికితే అది తీసుకోని కొట్టేటోడు. గబుక్కున నగేసినా. నగితే మీ అత్త నగింది, ఆయప్ప గూడా నగినాడు. దెబ్బ తప్పింది. తర్వాత అదే అలవాటయిపాయ. అది గూడా నగుతాంటే, మర్చిపోయిందిలే అనుకున్యా. నాకేం తెలుసు?"

ఇదన్నా చెప్పమ్మా అని బతిమాలాను. "జాడీ తీసుకపో" అంది, అంతే.

జాడీని ఒళ్ళో పెట్టుకుని బస్సులో పులివెందుల వెళ్ళాను. పెద్దక్క వాళ్ళ ఇల్లు అంగడి వెనకాలే. అంతా చెప్పాను. నా కూతురు మోచేతుల దాకా కలిపిన సంగతీ చెప్పాను, నాన్న కళ్ళెర్ర చేసిన సంగతీ చెప్పాను. పెద్దక్క వింటూ జాడీ వైపే చూసింది. చెయ్యి మాత్రం వెయ్యలేదు. చివరికి లేచి, రెండు చేతులతో ఎత్తి వంటింటి అటక మీద వెనక్కి తోసి పెట్టింది.

"తెరువు అక్కా, మూడో రోజు తిరగ కలపల్ల గదా" అన్నాను.

"తెరుస్తాలే" అంది.

ఇంటికి రాగానే అమ్మ అడిగిన మొదటి మాట, "తెరిచిందా?" లేదన్నాను. మరుసటి రోజు అడిగింది. ఆ మరుసటి రోజూ అడిగింది. నేను పెద్దక్కకు ఫోన్ చేసినప్పుడల్లా మంచం మీద నుంచే నా పెదాలు చూస్తూ ఉండేది. పెట్టేయగానే, "తెరిచిందా?" చిన్నక్క జమ్మలమడుగు నుంచి పనిగట్టుకుని పులివెందులకు పోయి, అటక మీద జాడీ అట్లానే ఉందని చూసి, అక్కతో కొట్లాడి వచ్చింది. "ఒక్కసారి తెర్సి, బాగుంది అని అమ్మకు చెప్పడానికి నీ సొమ్మేం పోయె?" అని అడిగితే, పెద్దక్క "నీకు తెలీదులే" అందట.

తెరిచిందని అమ్మకు అబద్ధం చెబుదామని నాకు చాలాసార్లు అనిపించింది. కానీ అమ్మ నా ముఖం చూస్తే కనిపెట్టేస్తుంది.

వానలు పడి, ఎండ చల్లబడిన రోజుల్లో అమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది, మళ్ళీ ఇటు తిరగలేదు. ముందు రోజు కూడా అడిగింది.

పెద్దక్క వచ్చింది. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరు లేపినా లేవలేదు. నోరు తెరిచి ఏడవలేదు. కర్మలు జరిగినన్నాళ్ళూ ఆమె నాతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేదు. మా అంగట్లో చీరలు మడతపెట్టే ఆయన పలకరించడానికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, "ఆ సిన్మా ఫోన్లో గూడా వచ్చిందంట అక్కా" అన్నాడు. పాపం, మంచి మాట అనుకునే అన్నాడు.

అన్నీ అయ్యాక, అమ్మ చీరలు కొన్ని తీసుకుని పులివెందుల వెళ్ళాను. మధ్యాహ్నం. బావ అంగట్లో ఉన్నాడు. ఇంట్లో మేమిద్దరమే. పెద్దక్క అన్నం వండింది. చీరలు ఒక పక్కన పెట్టి, స్టూలు వేసుకుని అటకెక్కి జాడీ దించింది. నేల మీద పెట్టుకుని దాని ముందు కూర్చుంది. వాసెన గుడ్డ దుమ్ము పట్టి ఉంది. ముడి నా కూతురు కట్టిందే, వంకరగా. ముడి ఊడిరాకపోతే నేను విప్పబోయాను. వద్దంది. తనే విప్పింది.

మూడో రోజు తిరగ కలపని ఊరగాయ, ఇన్ని నెలలు గాలి కూడా తగలనిది, బూజు పట్టే ఉంటుందని నేను అనుకున్నాను. మూత తీయగానే ఆవ ఘాటు గుప్పున కొట్టింది. పైన నూనె తేలి, అద్దంలాగా ఉంది. చుక్క బూజు లేదు.

పెద్దక్క గరిటె తీసుకోలేదు. చెయ్యి పెట్టింది. మణికట్టు దాటే దాకా ముంచి, అడుగు నుంచి ఒక ముక్క తీసి, నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆ ఘాటుకో దేనికో ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎర్రటి నూనె చేతి నుంచి మోచేతికి కారుతుంటే తుడుచుకోలేదు.

"బాగుందా అక్కా?" అన్నాను.

"బాగుండాది" అంది. "బాగుంటాదనే తెరవల్యా మే."

నాకు అర్థం కాలేదు.

"పాడైపోయుంటే బాగుండు. పాడైపోయుంటే, ఆ పొద్దు నేను జాడీ ముట్టకపోవడమే మంచిదాయ అనుకునేదాన్ని. నా చదువు పోయినందుకు ఒక కారణమన్నా ఉండేది. ఏమీ కాల్యా చూడు. ఊరికేనే పోయింది నా చదువు."

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పట్టుకున్నాను. నా చీర నిండా కారం, నూనె. కాసేపటికి తేరుకుని, చెయ్యి కడుక్కుని, కంచాల్లో అన్నం పెట్టింది. ఇద్దరికీ ఊరగాయ వేసింది. ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"తెరిచిందా అని అమ్మ కడదాకా అడిగిందా?" అంది.

"పోయే ముందు రోజు గూడా అడిగింది" అన్నాను.

పెద్దక్క తల ఊపింది. ఆ ముద్ద నోటికి పోలేదు, కంచంలోనే ఉండిపోయింది.